ఆమేన్ దాకా కళ్ళు తెరవకూడదు

కొడవలూరు,
జనవరి 22.

ఒసేయ్ అనూషా,

పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్నాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవురికమ్మా, కోర్టు కేసా?" అన్నాడు. ఒంగోల్లో కోచింగ్ హాస్టల్‌లో ఉన్న స్నేహితురాలికి అన్నాను. నమ్మలేదు. అక్కడ ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తారనీ, ఆదివారం అమ్మానాయనలతో ఐదు నిమిషాలు తప్ప మాటల్లేవనీ చెప్పాను. "జైలా?" అన్నాడు జాలిగా. కాదు, గ్రూప్ టూ అన్నాను. అప్పుడు ఇచ్చాడు కవరు.

అసలు సంగతికి వస్తా. నేను కెమెరా కొన్నానే! సెకండ్ హ్యాండే అనుకో. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే కిషోర్ బాబు కొత్తది తీసుకుని పాతది నాకిచ్చాడు. దాని మీదున్న బటన్లలో నాలుగు నాకు తెలుసు. మిగతావి దేవుడికీ కిషోర్ బాబుకీ తెలుసు. స్టూడియోలో గులాబీల పరదా ముందు కాకుండా బయట, చేల దగ్గరా సముద్రం దగ్గరా కుటుంబాల ఫోటోలు తీయాలని నా కోరిక. మా నాయన సంబరపడిపోయి, తన టెంట్ హౌస్ కుర్చీలు ఎన్ని కావాలంటే అన్ని వాడుకోమన్నాడు. అమ్మ సగం ఒప్పుకుంది.

ఇక మిగిలింది అవ్వ. మా ఇంట్లో రెబెక్కమ్మ మాట దాటేవాళ్ళు లేరని నీకు చెప్పాలా? ఆరో తరగతిలో నువ్వు మా ఇంట్లో భోజనానికి కూర్చుని, ప్రార్థన మధ్యలో ఒంటికన్ను తెరిచి చేపల పులుసు వైపు చూసినందుకు నీ మోకాలి మీద విసనకర్ర కాడతో ఒక్కటిచ్చింది, గుర్తుందా? "ఆమేన్ దాకా కళ్ళు తెరవకూడదు!" అంది. అందరూ కళ్ళు మూసుకునుంటే ఆమెకెట్లా తెలిసిందని మనం ఆ ఏడాదంతా ఆలోచించాం.

కెమెరా చూసి అవ్వ అన్న మాటలివి: "బి.ఎడ్. జేసి టీచరమ్మవుతాదనుకుంటే, మెడలో డబ్బా ఏలాడేసుకోని ఊళ్ళమ్మట తిరగతాదంటనా?" నేను ఏడ్చాను. కాసేపు చూసి, మెత్తబడి, ఒక షరతు పెట్టింది. "మార్చిలో నాకు డెబ్బై అయిదు నిండతాయి. మన ఇంటోళ్ళందర్నీ ఒక్క ఫోటోలో దియ్యి. అందరి కళ్ళూ తెరుచుకోనుండాల. వస్తే డబ్బా నీది. రాకపోతే కిషోర్ బాబుకే ఇచ్చేసి బి.ఎడ్.లో చేరిపో."

వినడానికి చిన్న షరతే. కానీ మా ఇంట్లో ఇప్పటిదాకా దిగిన ఏ గుంపు ఫోటోలోనూ అందరి కళ్ళూ తెరిచి లేవు. గిద్యోను పెదనాయన అయితే తన పెళ్ళి ఫోటోలోనే కళ్ళు మూసుకున్నాడు. సంఘ పెద్ద కదా, నలుగురు కనపడితే చాలు, ప్రార్థనేమో అనుకుంటాడు.

నాకు ముందు ఎవరి మీదైనా చెయ్యి తిరగాలి. ఎవరి మీద చెయ్యను?

నీ
ఫేబీ

ఒంగోలు,
జనవరి 30.

ఫొటోగ్రాఫర్ ఫేబీ గారికి,

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ అన్నీ మా వార్డెన్ అబిగయీలు మేడం చదివాకే కదుల్తాయి. నీ ఉత్తరం చివర ఎర్ర పెన్నుతో "విసనకర్ర సంగతి బాగుంది" అని రాసుంది. కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి.

చెయ్యి తిప్పుకోవడానికి మనుబోలు వెళ్ళి మా అమ్మానాయనల్ని తియ్యి. నా దగ్గర వాళ్ళ ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఫోన్‌తో పాటు బీరువాలో ఖైదులో ఉన్నాయి. ఇక్కడ రాత్రిపూట రాజ్యాంగం చదువుతుంటే మా అమ్మ మొహం చూడాలనిపిస్తుంది. నవ్వకు.

వెళ్ళే ముందు రెండు ముక్కలు చెవిన వేసుకో. మా నాయన ఓబులేసు గారు నవ్వడు. ఆధార్ కార్డుకి ఫోటో దిగినప్పుడు నవ్వొద్దన్నారంట, అప్పట్నుంచి ఏ కెమెరా చూసినా అట్నే బిగుసుకుపోతాడు. మా అమ్మ వెంకటశేషమ్మతో ఇంకో తంటా. ముగ్గురు కలిసి ఫోటో దిగితే అరిష్టమని ఆమె పట్టుదల. మా ఇంట్లో ఉన్నదే ముగ్గురం! అందుకే ఇప్పటిదాకా మేం ముగ్గురమే ఉన్న ఫోటో లేదు. ప్రతి ఫోటోలోనూ నాలుగో మనిషిని ఎక్కణ్ణుంచో లాక్కొస్తుంది. ఒకదాంట్లో గ్యాస్ బండ వేయడానికొచ్చిన అతను బండతో సహా ఉన్నాడు.

నువ్వు తీసేది ఇద్దరినే కాబట్టి భయం లేదులే.

అనూష

కొడవలూరు,
ఫిబ్రవరి 9.

ప్రియమైన అనూషా,

మనుబోలు వెళ్ళొచ్చాను. ఫోటో ఈ కవర్లోనే పెట్టాను, చూసి ఆనందించు. ఉదయపు వెలుగులో, ఈనిన వరి చేను ముందు, చాలా సహజంగా వచ్చింది. మొహాలు కాస్త నీడలో ఉన్నాయి, అదొక పద్ధతి. ఫోటో కాస్త ఒరిగి ఉంది, అది ఇంకో పద్ధతి. ఎడమ చివర నిలబడ్డ మనిషి గురించి ఏమీ అడగొద్దు.

అంతా సజావుగా జరిగింది. మీ అమ్మ పెట్టిన పులిహోర చాలా బాగుంది.

ఫేబీ

ఒంగోలు,
ఫిబ్రవరి 17.

అబద్ధాల ఫేబీ,

ఆదివారం నాకు అమ్మతో మాట్లాడ్డానికి ఐదు నిమిషాలిస్తారు. ఆ ఐదు నిమిషాలూ అమ్మ నవ్వడానికే సరిపోయింది. మధ్యమధ్యలో దొరికిన మాటలు అతికించుకుంటే నాకు తెలిసిందేమిటంటే:

నువ్వు సూర్యుణ్ణి వాళ్ళ వీపుల వెనక పెట్టావు. మొహాలు పెనం అడుగులా వచ్చాయి. నీ కెమెరాలో చూసి అమ్మ, "ఎండలో పన్జేసి నల్లబడినామని మాకు తెల్దా అమ్మణ్ణీ, ఫోటో దీసి మళ్ళీ జెప్పాల్నా?" అందంట.

ఇద్దరే ఉంటే బోసిగా ఉందని మా నాయన ఇంట్లోకి పోయి నా పదో తరగతి ఫోటో ఫ్రేము తెచ్చాడంట, నేనూ ఉన్నట్టు ఉంటుందని. కానీ అమ్మ లెక్కపెట్టింది. ఫ్రేముతో కలిపి ముగ్గురు! "సస్తే దిగను" అంది. బర్రెని తోలుకొస్తే అది నిలవలేదు. అంతలో గట్టు మీద చెంచురామయ్య పోతున్నాడు. ఫేబీ, మా నాయనకీ ఆయనకీ కాలవ నీళ్ళ వంతు దగ్గర గొడవై, నేను పావడాలు కట్టుకునే రోజుల నుంచీ మాటల్లేవు. అమ్మ ఆయన్ని కేకేసి, "చెంచురామయ్యన్నా, ఒక్క నిముసం ఈడొచ్చి నిలబడు. మాట్లాడబల్లేదులే" అందంట. ఆయన వచ్చి నిలబడ్డాడు. నువ్వేం చేశావు? నా ఫ్రేము తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చావు! ఇప్పుడు ఈ ఫోటోలో నేను మా శత్రువు చంకలో ఉన్నాను.

ఆ తర్వాత "ఇంకొంచెం, ఇంకొంచెం" అనుకుంటూ వెనక్కి నడిచి పిల్లకాలవలో పడ్డావు. పడేటప్పుడు కెమెరాని పైకెత్తి పట్టుకున్నావనీ, వేలు బటన్ మీదే ఉండిపోయి నాకు పంపిన ఈ ఫోటో అప్పుడే పడిందనీ అమ్మ చెప్పింది. ఒరగడం ఒక పద్ధతా? సిగ్గుండాలి.

కానీ ఒక మాట. ఈ ఫోటోలో మా నాయన నవ్వుతున్నాడు. మొహం కనపడలేదు, పళ్ళు కనపడ్డాయి. మా నాయన పళ్ళు ఫోటోలో చూడ్డం నాకిదే మొదటిసారి. నా బట్టల అల్మారా తలుపు లోపలి వైపు అంటించుకున్నాను. రోజూ చూస్తున్నాను. థాంక్స్ అని నీకు చెప్తే నెత్తికెక్కుతావని చెప్పట్లేదు.

చెంచురామయ్య తనకీ ఒక కాపీ కావాలని మా ఇంటికి కబురు పంపాడంట. ఇక ముందు ముందు ఏం జరుగుతుందో.

అనూష

(కింద ఎర్ర పెన్నుతో: "సూర్యుడు ఎప్పుడూ ఫోటో తీసేవాళ్ళ వీపు వెనక ఉండాలి. మా ఆయన చెప్పారు. – అబిగయీలు")

కొడవలూరు,
ఫిబ్రవరి 28.

అనూ,

సరే, పడ్డాను. మోచెయ్యి ఇంకా పచ్చిగానే ఉంది. వెనక్కి నడిచేముందు వెనక్కి చూడాలని నేర్చుకున్నాను. సూర్యుడి సంగతి చెప్పినందుకు మీ మేడం గారికి, వాళ్ళాయన గారికి వందనాలు.

ఇప్పుడు నా ప్లాను విను. మార్చి పదిహేను, శనివారం, మైపాడు. పొద్దున పెడితే సూర్యుడు సముద్రంలోంచి లేచి మళ్ళీ అందరూ పెనం అడుగులే. అందుకని సాయంత్రం. సముద్రం వాళ్ళ వెనక, సూర్యుడు నా వెనక! అందరూ క్రిస్మస్‌కి ఒకే తానులో కుట్టించిన నీలం బట్టలే వేసుకోవాలని హుకుం జారీ చేశాను. నాయన కుర్చీలతో పాటు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఎర్ర సోఫా కూడా తెస్తానన్నాడు, అవ్వ కూర్చోడానికి. అవ్వ "నాకేమన్నా పెండ్లా?" అంది గానీ, లోపల్లోపల నవ్వుకుంది. నేను చూశాను.

ఇంకో గొప్ప సంగతి. కెమెరాలో ఐదో బటన్ కనిపెట్టాను! ఒక్కసారి నొక్కితే చాలు, నేను ముట్టుకోకుండానే అదే వరసగా తీసుకుంటూ పోతుంది. మనం ఆపితేనే ఆగుతుంది. అన్నన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరిచి ఉండవా? గిద్యోను పెదనాయన కూడా ఎప్పుడో ఒకసారి తెరవాలి కదా. ఈసారి నన్నెవరూ ఆపలేరు.

నీ
ఫేబీ

కొడవలూరు,
మార్చి 18.

అనూషా,

ఫోటో కార్యక్రమం అయిపోయింది. అందరం క్షేమం. బి.ఎడ్. ఎంట్రన్స్ పాత పేపర్లు నీ దగ్గర ఉంటే పంపు. ఇంట్లో అందరికీ కొత్త చెప్పులు కొనాలి, ఆ తొందరలో ఉన్నాను.

ఫేబీ

ఒంగోలు,
మార్చి 24.

ఫేబీ,

అందరికీ కొత్త చెప్పులు ఎందుకు?

నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలున్నాయి. నిన్న మేడం మెస్సులో నా పక్కన ఆగి, సాంబారు వడ్డించే వంకతో, "మీ ఫ్రెండు మళ్ళీ రాసిందా?" అని అడిగింది. నాకు పాలిటీలో మార్కులు తగ్గాయి, తెలుసా? మౌర్యుల గురించి చదువుతున్నా చెప్పులే కనిపిస్తున్నాయి.

పాత పేపర్లు నా దగ్గరున్నాయి. పంపను. ముందు జరిగింది మొత్తం రాయి. పులిహోర గురించి వద్దు.

అనూష

కొడవలూరు,
మార్చి 29.

అనూ,

సరే, విను. మీ మేడంని కూడా కూర్చోమను.

శనివారం సాయంత్రం నాయన ఆటోలో కుర్చీలూ సోఫా తెచ్చాడు. తడి ఇసక అద్దంలా మెరుస్తుంటే బాగుందని అక్కడే వేయించాను. తడి ఇసక ఎందుకు తడిగా ఉందో నేను ఆలోచించలేదు. ముందు రోజు పౌర్ణమి అనీ, సముద్రం పోటు మీదుంటుందనీ కూడా తెలీదు. మా క్యాలెండర్లో మేం చూసేది ఆదివారాలే.

అవ్వని సోఫాలో మధ్యన కూర్చోబెట్టి, మిగతా వాళ్ళని అటూ ఇటూ వంపుగా నిలబెట్టాను. ఫోటోలో కాళ్ళు తీరుగా పడాలని అందరి చెప్పులూ విప్పించి ఒక పక్క కుప్ప పోయించాను. స్టూలు మీద కేకు డబ్బా. ఎండ సరిగ్గా మొహాల మీద పడుతోంది. ఒక్కటంటే ఒక్క పెనం అడుగు లేదు! నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది. కెమెరాని స్టాండుకి బిగించి ఐదో బటన్ నొక్కాను. కెమెరా క్లిక్‌మంది.

అప్పుడు అవ్వ, "ప్రార్థన జేసుకోకుండా ఫోటో ఏంది? గిద్యోనూ, జెయ్యి నాయనా" అంది.

కెమెరా ఆపుదామని చెయ్యి చాపాను. అంతలోనే పెదనాయన "ప్రేమగల తండ్రీ" అనేశాడు. నా చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది, కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. చిన్నప్పట్నుంచీ విసనకర్ర తిన్న కళ్ళు కదా.

పెదనాయన ప్రార్థన ఎంతసేపుంటుందో నీకు తెలుసు. ముందు అవ్వ ఆయుష్షు. తర్వాత మా వీధి, మా మండలం, కలెక్టరు గారు, వరికి గిట్టుబాటు ధర, రొయ్యల చెరువులు. "సముద్రం మీద పొయ్యేవాళ్ళని జ్ఞాపకం జేసుకో తండ్రీ" అంటుండగా మొదటి అల మా వాళ్ళ పాదాల మీదికి వచ్చిందంట. ఒక్కరు కూడా కళ్ళు తెరవలేదు! అమ్మకి కాళ్ళ మధ్య ఏదో జరజరా పోయిందంట, పామనుకుని కూడా తెరవలేదంట. నాయనకైతే పాదాలు చల్లబడేసరికి ప్రార్థన మహాగొప్పగా పనిచేస్తోందనిపించిందంట. నాకు అలల చప్పుడు దగ్గరికొచ్చినట్టే ఉంది గానీ, సముద్రం అంటే చప్పుడుంటుంది కదా అనుకున్నాను.

పెదనాయన రైల్వేలో పనిచేసేవాళ్ళ దాకా వచ్చాడు. ఉన్నట్టుండి అవ్వ పెద్దగా "ఆమేన్!" అని అరిచింది.

ఆయన ప్రార్థనని మధ్యలో తెగ్గొట్టినవాళ్ళు మా వంశంలో లేరు. అందరం ఉలిక్కిపడి కళ్ళు తెరిచాం. వాళ్ళకి మోకాళ్ళ దాకా నీళ్ళు! నా మీదికి అల వచ్చేస్తోంది. కెమెరాని స్టాండుతో సహా కౌగిలించుకుని గట్టు మీదికి పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే కేకు లేదు. కుప్పపోసిన చెప్పులన్నీ సముద్రంలోకి బయల్దేరాయి. జడ్సన్ బాబాయి కొడుకు ఫ్రెడ్డీగాడి లైట్ల బూట్లు అల మీద వెలుగుతూ ఆరుతూ పోతున్నాయి. వాడి ఏడుపు, వాటి వెనక నాయన పరుగు, సోఫాని పట్టుకుని లాగుతున్న బాబాయి! అన్నీ సర్దుకునేసరికి పొద్దు పోయింది. అందరం ఉత్తకాళ్ళతో ఇంటికొచ్చాం.

ఆ సోఫాని ఆరబెట్టి నాయన ఒక నిశ్చితార్థానికి అద్దెకిచ్చాడు. పెళ్ళికొడుకు కూర్చోగానే కింద నుంచి ఎండ్రకాయ బయటికొచ్చిందంట. పెదనాయన అవ్వ మీద అలిగి, భోజనానికి కూడా ప్రార్థన చెయ్యట్లేదు. ఎవరికి వాళ్ళం మనసులో చేసుకుని, మొదటిసారి అన్నం వేడివేడిగా తింటున్నాం.

అవ్వ "ఫోటో వచ్చిందా?" అని ఒకే ఒక్కసారి అడిగింది. "రాలేదవ్వా" అన్నాను. "ఊ" అంది. అంతే.

కెమెరా బ్యాగులో పెట్టి జిప్పు లాగేశాను. లోపలి కార్డు తీసి చూడలేదు. అన్నీ మూసుకున్న కళ్ళే కదా, ఏం చూస్తాను? వచ్చే నెల కిషోర్ బాబుకి ఇచ్చేస్తాను. నాకు చాలా బాధగా ఉంది అనూ. నవ్వకు. సరే, ఎండ్రకాయ దగ్గర నవ్వుకో.

ఫేబీ

ఒంగోలు,
ఏప్రిల్ 4.

ఓ మొద్దూ,

పౌర్ణమి మర్నాడు సముద్రం దగ్గర పెళ్ళి సోఫా వేస్తారా ఎవరైనా? మా అమ్మనడిగితే నిద్రలో కూడా చెప్పేది కదా!

అది వదిలెయ్. నాకు ఒకటే సందేహం. మీ అవ్వ ప్రార్థన మధ్యలో ఆమేన్ అందా? మీ అవ్వ? నాకు జ్వరమొచ్చి తూలుతుంటే కూడా ఆమేన్ దాకా పట్టి కూర్చోబెట్టిన రెబెక్కమ్మ? అప్పుడే ఎందుకంది?

ఆ కార్డు తీసి చూడు. ఇప్పుడే. ఈ ఉత్తరం కింద పెట్టేసి వెళ్ళు.

అనూష

(ఎర్ర పెన్నుతో: "చూడమ్మా ఫేబీ. ఇక్కడ మాకు నిద్ర పట్టట్లేదు. – అబిగయీలు")

కొడవలూరు,
ఏప్రిల్ 10.

అనూ, అనూ, అనూ,

చూశాను. తలుపు గడియపెట్టుకుని చూశాను. కొన్ని ప్రింట్లు ఇందులో పెడుతున్నాను. నువ్వూ మేడం తప్ప ఇంకెవరూ చూడకూడదు, ఒట్టు!

కెమెరా చక్కగా తీసుకుంటూనే పోయింది. ఎన్ని ఫోటోలో! అన్నిట్లోనూ మా వాళ్ళు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచుకుని ఉన్నారు. ఒక్క అవ్వ తప్ప.

అవ్వ కళ్ళు తెరిచి ఉన్నాయి! అన్నిట్లోనూ!

మొదట్లో పెదనాయనని చూస్తోంది. తర్వాత నాయనని, అమ్మని, బాబాయిని, ఫ్రెడ్డీని. ఒక్కొక్కరి మీదా కాసేపు ఆగుతోంది. పెదాలు ఏదో అంటున్నాయి. ఆ తర్వాత అల వస్తుంది. అవ్వ దాన్నీ చూసింది. ఒక ఫోటోలో ఒక కాలు మెల్లగా సోఫా మీదికి తీసుకుంది. తర్వాతి దాంట్లో రెండో కాలు. తర్వాత కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని బాసింపట్టు వేసుకుంది. చుట్టూ అందరూ నీళ్ళలో! చెప్పులు పోతుంటే తల తిప్పి సాగనంపుతోంది. పుట్టినరోజుకి నాయన కొన్న ఆమె కొత్త చెప్పులు కూడా అందులోనే ఉన్నాయి. అవి పోయేటప్పుడు నోరు సగం తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. అరిస్తే కళ్ళు తెరిచినట్టు అందరికీ తెలిసిపోతుంది కదా! కేకు పోయేటప్పుడు కూడా చూసి, నిట్టూర్చినట్టుంది, ఊరుకుంది. చిట్టచివరి దాంట్లో సూటిగా కెమెరా వైపు చూస్తూ నోరు బార్లా తెరిచింది. అదే ఆ ఆమేన్.

మనల్ని విసనకర్రతో అన్నేళ్ళు బాదిన మనిషి! ఎట్లా పట్టుకునేదో ఇప్పటికి తెలిసింది.

నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది. తర్వాత భయమేసింది. ఇది చూపిస్తే సంఘంలో అంత పేరున్న అవ్వ పరువేం కావాలి? చూపించకపోతే నా కెమెరా పోతుంది. చూపించినా షరతు ప్రకారం ఇది ఓడిపోయిన ఫోటోనే. అందరి కళ్ళూ అంది, ఇక్కడ ఒక్కరివే. ఏం చెయ్యను?

ఫేబీ

ఒంగోలు,
ఏప్రిల్ 14.

ఫేబీ,

నువ్వు ఫోటోలు తీస్తావు గానీ చూడవు. చెప్పులు పోతే అవ్వ అరవలేదు. తన కొత్త చెప్పులకీ అరవలేదు. కేకుకీ అరవలేదు. ఎప్పుడు అరిచింది? చివరి ఫోటోలో కింద అంచు చూడు. ఆ తెల్లటిది ఏంటి? నీ స్టాండు కాళ్ళ దగ్గరికొచ్చిన నురగ.

వెళ్ళి చూపించు. ముందు ఆమె ఒక్కదానికే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి. చెంచురామయ్య కాపీ తీసుకోవడానికి మా ఇంటికొచ్చి కాఫీ తాగాడంట. ఫోటోలో తన పక్కన అంత ఎడం ఎందుకుందని నాయనని అడిగాడంట. నాయన సమాధానం కూడా చెప్పాడంట! నీళ్ళ వంతు గురించి కాదులే, ఫోటో గురించి. అయినా మాటలే కదా.

అనూష

(ఎర్ర పెన్నుతో: "నేనైతే చూపిస్తాను. – అ.")

కొడవలూరు,
ఏప్రిల్ 22.

ప్రియమైన అనూకి, అబిగయీలు మేడం గారికి,

ఈస్టర్ రోజు గుడి నుంచి వచ్చాక, అవ్వ వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఫోటోలు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటి చూసింది. అన్నీ చూసి, మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఎవురికన్నా జూపించినావా?"

"లేదవ్వా. అనూషకి. వాళ్ళ వార్డెన్ గారికి."

"ఒంగోలు దాకా పొయ్యిందా!" అంది.

ఇంక ఉండబట్టలేక అడిగేశాను. "మమ్మల్నందర్నీ మోకాళ్ళ మీద కొట్టావు గదవ్వా!"

"కొట్టకపోతే మీరంతా కళ్ళు దెరిచి నన్ను జూసుండేవాళ్ళు గదా!" అంది, అదేదో న్యాయమైనట్టు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "నీ పెదనాయన కళ్ళు మూసుకోని కలెక్టరు కోసరం జేస్తాడు. మంచిదే. మీ కోసరం ఎవురు జెయ్యాల? నాకు ఒక్కొక్కరి మొహం జూస్తేనే ఎవురికి ఏం గావాల్నో తెలిసేది. మీ నాయనకి మోకాలి నొప్పి. మీయమ్మకి నిద్ర సాలదు. చెప్పుకోరు మీరెవురూ. మొహాల్లో ఉంటాది. మామూలప్పుడు జూస్తే ఏందవ్వా అట్ట జూస్తాండావు అంటారు. ప్రార్థనలో అయితే ఎంతసేపు జూసినా అడిగేవాళ్ళు లేరు."

చివరి ఫోటో పైకి తీసి, "ఇందులో నా వైపు చూశావు గదా. నాకేం అడిగావవ్వా?" అన్నాను.

"అడిగే టైం యాడుండాది? అల నీ డబ్బా మీదికి వస్తాండాది. కొత్త చెప్పులు బొయినా పళ్ళు బిగబట్టుకోని కూర్చున్నా. డబ్బా బోతే నువ్వేమైపోతావోనని ఆమేన్ అనేసినా."

వంటింట్లోనే ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. "పొయ్యి మీద కూర మాడతాంది, లెయ్యి" అని నెట్టేసింది.

భోజనాల దగ్గర ఆ చివరి ఫోటో ఆమే స్వయంగా అందరి ముందూ పెట్టింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అమ్మ మొదలుపెట్టింది నవ్వడం. ఇక చూడు! జడ్సన్ బాబాయి చిన్నప్పుడు తిన్న దెబ్బలన్నీ లెక్కచెప్పి, వాటికి జవాబు చెప్పమన్నాడు. గిద్యోను పెదనాయన మాత్రం ఫోటో పట్టుకుని చాలాసేపు చూశాడు. "అందుకా అమ్మా ఆపినావు? నా ప్రార్థన పొడుగైందని గాదా?" అన్నాడు. "అది గూడా" అంది అవ్వ. పెదనాయన అలక తీరిపోయి, ఆ సంతోషంలో భోజనానికి ప్రార్థన మొదలుపెట్టాడు. బిర్యానీ చల్లారిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను గానీ, ఎవరో నన్ను చూస్తున్నట్టు అనిపిస్తూనే ఉంది.

ఆమేన్ అయ్యాక నాయన మెల్లగా కదిపాడు. "అందరి కళ్ళూ తెరుచుకోనుండాలంటివి గదమ్మా. ఇందులో ఒకరివే."

"ఇంటికి పెద్దదాన్ని, నాయి తెరుచుకోనుండాయి. సాలు" అంది అవ్వ. "డబ్బా ఫేబీ దగ్గిరే ఉండనీ. దీన్ని పెద్దది జేయించి ముందరింట్లో తగిలించండి."

ఎగిరి గంతేశాను. అంతలోనే విసనకర్ర కాడ నా వైపు తిరిగింది.

"ఇందులో నువ్వు లేవు. ఇంటోళ్ళందరూ అంటే నువ్వు గాదా? మళ్ళా దిగాల. ఈసారి నీళ్ళకి పైన."

"నేను వచ్చి మీతో నిలబడితే కెమెరా దగ్గర ఎవరుంటారవ్వా? ఈసారి కూడా పెదనాయన ప్రార్థన చేస్తాడు గదా."

"నేనుంటా. నొక్కేది యాడనో జూపియ్యి" అంది. "ఈ ఇంట్లో కళ్ళు తెరుచుకోనుండేది నేనొక్కదాన్నే గదా."

నీ
ఫేబీ